తలకిందులు చేస్తే రాలనివి

ఇల్లు కొనేవాడు గోడలు చూస్తాడు. ఇల్లు విప్పేవాడు ముందు పైకప్పు చూస్తాడు. నేను విప్పేవాణ్ణి.

ఆస్కర్‌బీ పెద్దిల్లు వేలంలో నా పాట దగ్గర ఆగిపోయిన రోజు నలుగురూ భుజం తట్టి, అంత రాళ్ళగుట్ట ఏం చేసుకుంటావు అమోస్ అని నవ్వారు. నేను రాళ్ళు కొనలేదు. ఆ ఇంటి కప్పు మీద పరిచిన సీసం కొన్నాను. రాళ్ళు, కిటికీలు, ఓక్ చెక్కల నేలలు, చలిమంట గూళ్ళు కొసరుగా వచ్చాయి. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అన్న సామెత మా వృత్తి కోసమే పుట్టి ఉంటుంది. యుద్ధం అయిపోయాక మా యార్క్‌షైర్‌లో అలాంటి ఏనుగులు వరసగా కూలుతున్నాయి. ఆస్కర్‌బీలో తండ్రి పోయినప్పుడు ఒకసారి, కొడుకు పోయినప్పుడు ఒకసారి సర్కారు వారసత్వపు పన్ను వసూలు చేసింది. మధ్యలో సైన్యం వచ్చి ఉండిపోయింది. వాళ్ళు వెళ్ళాక దూలాలకి కుళ్ళు పట్టింది. బడికి ఇస్తామంటే బడివాళ్ళు వద్దన్నారు, ఆసుపత్రికి ఇస్తామంటే ఆసుపత్రివాళ్ళు వద్దన్నారు. చివరికి నేను కావాలన్నాను.

అది యాభై నాలుగు వేసవి. మాంసం మీద రేషన్ కూపన్లు ఎత్తేసిన వేసవి. ఎండ మాత్రం కూపన్ ఇచ్చినా దొరకలేదు. జూన్ నుంచి మొదలైన వాన సెప్టెంబరు దాకా పడుతూనే ఉంది.

వేలం నుంచి ఇంటికొచ్చి పెరటి గుమ్మంలో బూట్లు విడిచాను. మా పెరటి గుమ్మం మీది చూరు కారుతుంది. దాని కింద ఎప్పుడూ ఒక ఎనామిల్ బేసిన్ ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ కప్పుల మీది సీసమంతా నా చేతుల మీదుగా పోయింది కానీ నా గుమ్మం మీదికి ఒక ముక్క ఎక్కలేదు. సరుకు అమ్మడానికి, వాడుకోవడానికి కాదు. నా లెక్క అది. నా భార్య ఫ్లోరీ లెక్క వేరు. ఆ బేసిన్ పారబోసిన ప్రతిసారీ ఆ లెక్క నాకు వినిపించేది.

ఆ రోజు ఆమె టీ పోస్తుండగా, ఆస్కర్‌బీ మనదయిందని చెప్పాను. కప్పు నిండి సాసర్లోకి పొర్లేదాకా పోస్తూనే ఉంది.

“మనది అనకు,” అంది చివరికి. “నీది.”

ఆ మాట నాకు బరువుగానే తగిలింది. ఎందుకంటే విప్పిన సరుకు అమ్మే మా యార్డుకి బలం నేనైతే చూపు ఫ్లోరీ. ఏ ఇల్లు విప్పినా ముందు ఆమె వచ్చి గదిగదీ తిరిగేది. ఈ చలిమంట గూడు లీడ్స్‌లో బట్టల మిల్లు వాళ్ళకి నప్పుతుంది, ఈ తలుపు హోటలు వాళ్ళు ఎగరేసుకుపోతారు, దీన్ని మాత్రం కట్టెలకింద కొట్టెయ్యి అనేది. ఆమె చెప్పింది తప్పిన రోజు నాకు గుర్తు లేదు. పాతికేళ్ళలో నాతో రాని ఇల్లు లేదు. ఆస్కర్‌బీకి మాత్రం అడుగు పెట్టనంది. కారణం చెప్పలేదు.

ఒక కారణం నాకు తెలుసు. పెళ్ళికి ముందు ఆమె అక్కడ పనిమనిషి. పధ్నాలుగో ఏట చేరి, ఎనిమిదేళ్ళు చేసింది. అప్పుడు నాది గుర్రబ్బండి మీద పాతగుడ్డలు, ఎముకలు కొనే వ్యాపారం. పెద్దిళ్ళలో వంటగది మిగులంతా వంటావిడ హక్కు. కుందేలు తోళ్ళు, గిన్నెల్లో పేరిన కొవ్వు వెనక గేటు దగ్గర అమ్మి రమ్మని ఆవిడ ఫ్లోరీని పంపేది. తోలు తోలుకీ బేరమాడి నన్ను ఏడిపించేది ఈ పిల్ల. ఎదుటి పక్షంలో ఇలాంటి మనిషి ఉంటే నష్టమని తేల్చుకుని పెళ్ళి చేసుకున్నాను. యజమానురాలు ఒప్పుకోలేదని, అయినా వచ్చేసిందని మాత్రం తెలుసు. అంతకు మించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పాత ఇంటి మీద మమకారం కాబోలు, కూలిపోతుంటే చూడలేక రానంటోంది అనుకున్నాను.

*

ఆ ఇంటి ఆఖరి మనిషి మిస్ ఉర్సులా డేంటన్. డెబ్బై దాటిన పెళ్ళికాని మనిషి. చచ్చిపోయిన తమ్ముడి బూట్లు వేసుకుని, బిషప్ అనే ముసలి కుక్కతో కింది అంతస్తులో రెండు గదుల్లో ఉంటోంది. మైకెల్‌మస్ నాటికి ఆవిడ ఇల్లు ఖాళీ చెయ్యాలి, అప్పుడు నేను చెయ్యి వెయ్యాలి. మా వైపు అద్దెలైనా, కౌళ్ళైనా, కొలువులైనా తెగేది సెప్టెంబరు చివర వచ్చే ఆ పండుగనాడే. ఈలోగా ఏది ఎవరిదో తేల్చుకోవడానికి వెళ్ళాను.

మా వృత్తిలో ఒక పాత సూత్రం ఉంది. దాన్నే ఆవిడకి చెప్పాను. ఇంటిని పట్టుకుని తలకిందులు చేశామనుకుందాం. రాలిపడేవన్నీ అమ్మినవాళ్ళవి. అంటిపెట్టుకుని ఉండేవి కొన్నవాడివి.

ఆవిడ నన్ను ఇంటిపేరుతోనే పిలిచేది.

“మా అమ్మ బతికి ఉండగా నువ్వు ఈ ఇంటిని ఎన్నిసార్లు బోర్లించినా ఆవిడ రాలేది కాదు. ఇప్పుడు కొన్నావు కాబట్టి బతికిపోయావు, గార్‌సైడ్.”

ఇద్దరం తలలు పక్కకి వంచుకుని గదిగదీ తిరిగాం. మెట్ల మీది తివాచీ ఆవిడది, దాన్ని బిగించిన ఇత్తడి కడ్డీలు నావి. గాజుపెట్టెలో ఉన్న, పొట్టు కూరిన చేప ఆవిడది. గంటలు నావి, గంట నాలుకలు ఎవరివన్న దాని మీద కొంత చర్చ జరిగింది. స్నానాల తొట్టి తన కాళ్ళ మీద తను నిలబడుతుంది కానీ గొట్టం పట్టుకుని ఉంది కదా అంటే, అయితే వేలాడుతూ ఉంటుంది, వేలాడేది ఎవరికీ వద్దు అని అక్కడే వదిలేశాం. భోజనాల గదిలో చలిమంట గూడు మీద ఆవిడ ముత్తాత బొమ్మ ఉంది. గోడ పలకలోకి మరలు దిగేసి ఉంది. బోర్లించినా రాలదు. ఆవిడ దాని వంక అవసరమైన దానికన్నా ఎక్కువసేపు చూసి, “నీదే,” అంది. “మనిషి ఉన్నప్పుడు మాత్రం రోజూ సాయంత్రానికి రాలిపోయేవాడట.”

తరవాత పైకప్పు.

రేకు అంచుని బొటనవేలితో నొక్కి చూశాను. పాతకాలపు పోత సీసం. ఇప్పటి రేకు దాని పక్కన పెడితే కాగితం. మనసులో తక్కెడ ఊగుతుండగా కాళ్ళ కింద గీతలు కనిపించాయి. ఎవరో పిచ్చిగీతలు గీశారనుకున్నాను. వంగి చూస్తే బూటు అచ్చు. మనిషిని నిలబెట్టి, కాలి చుట్టూ మేకుతో గీసి, లోపల పేరులోని మొదటి అక్షరాలు, సంవత్సరం. దాని పక్కన ఇంకొకటి. కప్పు ఆ చివర దాకా అవే.

అది ఆ ఇంటి ఆచారమని ఆవిడ చెప్పింది. కప్పు వేసిన సీసం పనివాడు, పదిహేడు వందల మూడులో, పని ముగిసిన రోజు తన కాలు తనే గీసుకున్నాడట. అది చూసి ఇంటివాళ్ళు మొదలుపెట్టారు. అప్పటినుంచి ఆ ఇంట్లో పుట్టినవాళ్ళయినా పనిచేసినవాళ్ళయినా, వదిలి వెళ్ళే రోజున పైకొచ్చి నిలబడతారు. ఇంటికి చెందిన మనిషి ఒకరు మేకు పట్టుకుని గీస్తారు. బయటివాళ్ళు మేకు ముట్టుకోకూడదు.

“లోపలికి ఎవరి తలుపున వాళ్ళు వచ్చారు,” అంది ఆవిడ. “వెళ్ళేటప్పుడు మాత్రం అందరూ ఇక్కడినుంచే.”

ఆవిడ ముందు నడుస్తూ చూపించింది. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లల సన్నటి మడమలు. బట్లరు వెడల్పాటి పాదం. గోరంత మడమతో ఫ్రెంచి పంతులమ్మ. మొదటి యుద్ధంలో ఆ ఇల్లు గాయపడ్డ సిపాయిల ఆసుపత్రి అయింది. వాళ్ళవి ఒక వరస. అందులో ఒకటి ఎడమ బూటు మాత్రమే, కుడివైపున చిన్న గుండ్రం గీత. అది చంకకర్ర కొస. రెండో యుద్ధంలో బాంబులకి భయపడి హల్ పట్నం నుంచి తెచ్చిన పిల్లలవి చివరి వరస. చిన్న చిన్న గుడ్డబూట్లు, అడ్డదిడ్డంగా.

ఆవిడ చరిత్ర చెబుతోంది. నేను వెతుకుతున్నాను. ఎనిమిదేళ్ళు చేసిన మనిషి అచ్చు ఎక్కడో ఉండాలి కదా. ఫ్లోరీ అసలు పేరు ఫ్లోరెన్స్. ఆ అక్షరమూ ఆమె వెళ్ళిన సంవత్సరమూ ఉన్నది ఒక్కటీ కనిపించలేదు. చివరికి అడిగాను. ఫ్లోరెన్స్ అనే పనిమనిషి ఎవరూ ఆవిడకి గుర్తు రాలేదు. అప్పుడు నాకు ఫ్లోరీ ఎప్పుడో నవ్వుతూ చెప్పింది గుర్తొచ్చింది. ఆ ఇంట్లో రెండో పనిమనిషి ఎవరైనా సరే, పేరు జేన్. మనిషి మారినప్పుడల్లా పేరు నేర్చుకోవడం పెద్దావిడకి విసుగు.

“ఇరవయ్యెనిమిదిలో వెళ్ళిన జేన్,” అన్నాను.

మిస్ డేంటన్ నాలుగడుగులు వేసింది. అక్కడ ఒక జేన్ అచ్చు ఉంది. దాని తరవాత ఉత్త రేకు. ఆ తరవాత ఇంకో జేన్ అచ్చు.

“ఇక్కడ ఉండాలి,” అంది. “అమ్మ వద్దంది. చెప్పకుండా పెళ్ళికి సిద్ధమైందని కోపం. తరవాతి జేన్ కాలు గీసింది నేనే. కొంచెం ఆ పక్కకి జరగమన్నాను.”

ఎందుకు అడుగుతున్నానని అడిగింది. ఆమె నా భార్య అని చెప్పాను. ఆవిడ నన్ను కిందినుంచి పైకి చూసింది.

“పాతగుడ్డల బండివాడివి నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“అయితే ఈ ఇంట్లోంచి నువ్వు ఇదివరకే ఒకటి పట్టుకుపోయావు.”

“అది రాలిందో నేను విప్పానో మీ అమ్మగారు అప్పుడు తేల్చలేదు,” అన్నాను. ఆవిడ నవ్వలేదు. కుక్కని పిలుచుకుని దిగిపోయింది.

*

ఇంటికొచ్చి ఫ్లోరీతో, రేకుల మీద ఖాళీ చూశానని చెప్పాను. ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తోంది. కత్తి ఆపకుండానే అప్పుడు చెప్పింది, పాతికేళ్ళ తరవాత.

ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళు తెల్లవారకముందే లేచి మంటల బూడిద ఎత్తింది. అందరి బూట్లూ పాలిష్ చేసింది. ఆఖరి రోజు మొదటిసారి తన బూట్లు తను పాలిష్ చేసుకుని, పెట్టె కింద పెట్టి, కప్పు మీదికి మెట్లెక్కింది. తలుపు దగ్గర బట్లరు నిలబడి ఉన్నాడు. నీకు లేదన్నాడు. పెట్టె తీసుకుని వెనక గేటున వచ్చేసింది. గేటు దగ్గర నేను బండితో ఉన్నాను. ఆ రోజు ఆమె కళ్ళు ఎర్రగా ఉంటే, పుట్టిల్లు లాంటి చోటు వదిలినందుకు అనుకున్నాను.

ఇల్లు కూలుతుందని ఆమెకి బెంగ లేదు. ఇల్లు పోతే తన ఖాళీ కూడా పోతుంది. బెంగ అది.

రేపే తీసుకెళతాను, నేనే గీస్తాను, కప్పు ఇప్పుడు నాదేగా అన్నాను.

“నువ్వు గీస్తే అది బొమ్మ అవుతుంది అమోస్. కాలు కాదు,” అంది. “పిలవాల్సినవాళ్ళు పిలవాలి. గీయాల్సినవాళ్ళు గీయాలి. లేకపోతే వద్దు.”

నేను వ్యాపారిని. ఒకరి దగ్గర ఉన్నది, ఇంకొకరికి కావలసింది కనబడితే నా చెయ్యి దురద పెడుతుంది. మర్నాడే ఆస్కర్‌బీ వెళ్ళాను. ముత్తాత బొమ్మ మరలు విప్పి మీకిచ్చేస్తాను, మీరు ఫ్లోరీకి ఒక మాట కబురు చెయ్యండి అన్నాను. మంచి బేరమనే అనుకున్నాను. ఇద్దరికీ లాభం, నాకు కొంచెం నష్టం.

మిస్ డేంటన్ కిటికీ లోపల నిలబడి వింది.

“రాలేవి నావి, రాలనివి నీవి అన్నాం,” అంది మెల్లగా. “ఇప్పుడు నువ్వు కొంటానంటున్నది ఏ లెక్కలోకి వస్తుంది, గార్‌సైడ్?”

నేను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను.

“ముత్తాతని నువ్వే ఉంచుకో,” అని ఆవిడ కిటికీ మూసేసింది.

ఆ మాటలు ఆ కిటికీ దగ్గరే ఉండిపోతే బాగుండేది. మిస్ డేంటన్ ఇంట్లో రోజూ ఒక గంట వచ్చి గిన్నెలు తోమే మిసెస్ ప్లాట్‌కి చెవులు రెండే గానీ నోళ్ళు ఎక్కువ. ఆ రోజుల్లో కూపన్లు లేకుండా మాంసం దొరుకుతుంటే కసాయి కొట్టు ముందు ఎప్పుడూ వరస ఉండేది. ఆ వరసలో మిసెస్ ప్లాట్ ముందు, ఫ్లోరీ వెనక. ఇంకేం కావాలి.

ఫ్లోరీ వచ్చి మాంసం పొట్లం బల్ల మీద పెట్టింది.

“నా కాలికి ఏం వెల కట్టావ్?”

ముత్తాత బొమ్మ అని చెప్పాను. అబద్ధం ఆడి లాభం లేదు.

“ఆ తాగుబోతు మొహమా? కనీసం చలిమంట గూడు దాకా అయినా పోలేదన్నమాట.” గొంతు పెరగలేదు. అందుకే భయం వేసింది. “ఎనిమిదేళ్ళు వాళ్ళు నా పేరు వాడలేదు. ఇప్పుడు నువ్వు దాన్ని పట్టుకెళ్ళి వాకిట్లో బేరం పెట్టావు. ఇక ఆవిడ పిలిచినా అది పిలుపు కాదు, అమ్మకం.”

మాంసం వండి పెట్టింది. తను తినలేదు. పెట్టె సర్దుకుని సముద్రం ఒడ్డున ఫైలీలో ఉన్న వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నాకు కొండనాలుక కూడా మిగల్లేదు.

*

ఆగస్టంతా వాన. యార్డులో నేను ఒక్కణ్ణి. హారోగేట్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి ఏ గూడు నప్పుతుందో చెప్పలేక మూడు చూపించాను. ఆయన నాలుగోది ఏదీ అని అడిగి వెళ్ళిపోయాడు. పెరటి గుమ్మం దగ్గర బేసిన్ నేనే పారబోసుకున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అది ఎంత బరువుంటుందో ఆ నెలలో తెలిసింది.

సీసం కరిగించే కార్ఖానావాళ్ళు కబురు మీద కబురు పంపారు. ధర జారుతోంది, ఇప్పుడే దించు, మైకెల్‌మస్ దాకా ఆగితే చేతులు కాలతాయి అని. నా మేస్త్రీ టెడ్ ఒక ఉపాయం చెప్పాడు. ముసలావిడ ఉండేది కింది రెండు గదుల్లో. అవతలి వైపు కప్పు ఇప్పుడే విప్పుకుంటే ఆవిడ నెత్తిన చుక్క పడదు. ఆవిడకి ఎలా తెలిసిందో, ఒకరోజు దారిలో ఎదురై, విప్పుకోదలిస్తే విప్పుకో, నాకేం అభ్యంతరం లేదు అంది. ముఖం మాత్రం పక్కకి తిప్పుకునే అంది.

ఒప్పందం ఒప్పందమే, మైకెల్‌మస్ అంటే మైకెల్‌మస్ అన్నాను. టెడ్ నా వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. వ్యాపారంలో ఎవరైనా అలా చేస్తే వాడికి మతిపోయిందని నేనే అనేవాణ్ణి. కానీ ఆ ఖాళీ ఉన్నంతవరకే ఫ్లోరీకి నా ఇంటికి దారి ఉందని నాకు తెలుసు. సీసం ధర ఎప్పుడో పెరుగుతుంది. ఆ ఖాళీ ఒకసారి కొలిమిలో పడితే మళ్ళీ రాదు.

సెప్టెంబరు రెండో వారంలో ఫ్లోరీ తిరిగొచ్చింది. వాళ్ళక్క నాకన్నా ఎక్కువ మాట్లాడుతుందట. పెట్టె కింద పెట్టి, యార్డంతా ఒక చుట్టు చుట్టి, హారోగేట్ పెద్దమనిషికి ఏది చూపించావని అడిగింది. చెబితే, తల పట్టుకుంది. ఆస్కర్‌బీ మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. భోజనాలు, బేరాలు అన్నీ మామూలే. మంచానికి మధ్యలో మాత్రం ఆ ఇంటి గోడ ఉంది, దాన్ని విప్పడం నా వల్ల కాలేదు.

పండుగ ఇంకా కొద్ది రోజులుందనగా ఒక మధ్యాహ్నం యార్డు వెనక గేటు చప్పుడైంది. మాకు ముందు గేటు ఉంది, దాని మీద నా పేరు కూడా ఉంది. వెనక గేటు కూలీలది. తీసి చూస్తే మిస్ డేంటన్. గొడుగు, తమ్ముడి బూట్లు, తడిసిన బిషప్. నా పక్కనుంచి, పేర్చిన తలుపుల మధ్యనుంచి నడిచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. చూరు నీళ్ళు నెత్తిన పడుతుంటే బేసిన్ పక్కన నిలబడింది.

ఫ్లోరీ తలుపు తీసింది. చేతులకి పిండి అంటి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లోపలికి రమ్మని ఫ్లోరీ అనలేదు, వస్తానని ఆవిడా అనలేదు.

“బుధవారం నేను వెళ్ళిపోతున్నాను,” అంది మిస్ డేంటన్. “స్కార్‌బరోలో మా పిన్నికూతురు గది ఇచ్చింది.”

“విన్నానమ్మా.”

“ఆ కప్పు మీద నా కాలు లేదు. నేను ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు కాబట్టి ఎవరూ గీయలేదు.” ఆవిడ గొడుగు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. “గీయడానికి ఇంటి మనిషి కావాలి. మావాళ్ళు ఎవరూ మిగల్లేదు. పనివాళ్ళలో బట్లరు పోయాడు, వంటావిడ పోయింది, తరవాతి జేన్ ఎక్కడుందో తెలియదు. మిగిలింది నువ్వే.”

ఫ్లోరీ చేతుల పిండి దులుపుకుంది. చాలాసేపు దులుపుకుంది.

“మా ఆయన మీతో బేరం పెట్టాడట.”

“పెట్టాడు. కిటికీ మూశాను. ఇది బేరం కాదు. అడగడానికి వచ్చాను.”

“నా మోకాళ్ళు బాగాలేవు. వంగితే లేవలేను.”

“నావీ అంతే. ఒకరినొకరం లేపుకుందాం.”

వాన బేసిన్లో టపటపా పడుతోంది. ఫ్లోరీ ఆ చప్పుడు వింటున్నట్టు నిలబడి, “బుధవారం పొద్దున వస్తాను,” అంది. మిస్ డేంటన్ తల ఊపి వెనుదిరిగింది. పోతూ పోతూ తలుపుల మధ్య ఒకచోట ఆగి, ఇది కిర్క్‌హామ్ వాళ్ళ గ్రంథాలయం తలుపు కదా, ఎప్పుడు రాలింది అని నన్ను అడిగింది. పోయినేడాది అన్నాను.

*

బుధవారం పొద్దున్నే లేచి ఫ్లోరీ పండుగ బాతుని పొయ్యిలో పెట్టింది. తరవాత కింద కూర్చుని తన బూట్లు పాలిష్ చేసుకుంది. నేను చేస్తానన్నాను. వద్దంది.

ఇద్దరూ మెట్లెక్కుతుంటే నేను వెనక నడిచాను. కప్పు తలుపు దగ్గరికి రాగానే మిస్ డేంటన్ నా వంక తిరిగి, “నువ్వు ఇక్కడే, గార్‌సైడ్,” అంది. అప్పటికే ఆ కప్పు, ఆ తలుపు, ఆ గడప నావి. గడప ఇవతలే నిలబడ్డాను. బట్లరు నిలబడింది అక్కడే అయ్యుంటుంది.

ఆ రోజు ఆవిడ తమ్ముడి బూట్లు వేసుకోలేదు. తనవే, పాతవి, ముందు బొత్తాలున్నవి. జేన్‌కీ జేన్‌కీ మధ్య ఉన్న ఖాళీలో ఒక అంచున నిలబడింది. ఫ్లోరీ మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని మేకుతో చుట్టూ గీసింది. మేకు సీసం మీద చప్పుడు చెయ్యదు. లోపల అక్షరాలు చెక్కి, సంవత్సరం వేసి, దుమ్ము ఊదింది. మిస్ డేంటన్ కాలు తీసి చూసుకుంది. తను పుట్టిన ఇంట్లో తన గుర్తు చూసుకోవడం ఆవిడకి అదే మొదలు. చెయ్యి చాపి మేకు అడిగింది.

“ఇప్పుడు నువ్వు.”

ఫ్లోరీ నిలబడింది. ఆవిడ ఫ్లోరీ భుజం ఆసరాగా కిందికి దిగి గీయడం మొదలుపెట్టింది. గీత ఎక్కడా తప్పలేదు. అచ్చు పూర్తయ్యాక తల ఎత్తింది.

“పేరు?”

“ఫ్లోరెన్స్.”

మొదటి అక్షరాలు చాలు, అది ఆచారం. ఆవిడ ఆచారం పాటించలేదు. ఒక్కొక్క అక్షరం నొక్కి పేరంతా చెక్కింది. చాలాసేపు పట్టింది. నేను గడప దగ్గర నిలబడి, మొదటిసారి సీసం ఎంత తూగుతుందో ఆలోచించకుండా దాన్ని చూశాను. తరవాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని లేచారు. ఎవరు ఎవరిని లేపారో చెప్పలేను.

మధ్యాహ్నం టాక్సీ వచ్చింది. చేప పెట్టె ఒళ్ళో పెట్టుకుని, బిషప్‌ని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని మిస్ డేంటన్ వెళ్ళిపోయింది. ఫ్లోరీ బాతు కాలు ఒకటి మూతగిన్నెలో పెట్టి కిటికీలోంచి అందించింది. గిన్నె తిరిగి పంపమని కూడా చెప్పింది.

టాక్సీ మలుపు తిరిగాక ఆమె ఇంటివైపు తిరిగి, చేతులు నడుం మీద పెట్టుకుని, పాతికేళ్ళుగా నేను ఎరిగిన చూపు చూసింది.

“భోజనాల గది గూడు హారోగేట్ ఆయనకి. ముత్తాతతో సహా ఇవ్వు, తనకీ ఒక ముత్తాత ఉంటాడు. మెట్లు హోటలుకి. ఆ కిటికీలు కట్టెలకింద కొట్టకు, పూలతోటల వాళ్ళు మొక్కల గాజుగదులకి కొంటారు.”

మరి ఆ రేకు అని అడిగాను. కోసి వేరుగా పెట్టనా అని.

“ఎందుకు? సీసం సీసమే. గీయడం అయింది కదా. కొలిమికి పంపెయ్.”

సరేనన్నాను. మర్నాటి నుంచి టెడ్ మనుషులు కప్పు విప్పారు. రెండున్నర వందల ఏళ్ళ కాళ్ళు చుట్టలు చుట్టి బండ్లకెక్కించాం. ధర జారింది నిజమే. అయినా మునిగిపోలేదు. ఆ సంవత్సరం లెక్క ఎలా చూసినా నాకు లాభమే వచ్చింది, ఎందులో ఎంత అన్నది నా సొంత సంగతి.

అక్టోబరులో ఒక ఆదివారం ఫ్లోరీ చర్చికి వెళ్ళిన వేళ నిచ్చెన వేసుకుని పెరటి గుమ్మం మీదికెక్కాను. చూరు మీద ఒకే రేకు సరిపోయింది. పాత పోత సీసం, మంచి మందం. గీతలున్న వైపు పైకి పెట్టాను. ఆకాశం తప్ప ఎవరూ చూడరు. సరుకు వాడుకోకూడదన్న నా పాత నియమం ఆ రోజు పక్కన పెట్టాను. దాన్ని వాడకం అనను. వాన ఆపడానికి పుట్టిన సీసం వాన ఆపుతోంది, అంతే.

ఆ వారమే వాన వచ్చింది. ఫ్లోరీ వంటింటి గుమ్మంలో నిలబడి చూరు వంక చూసింది. చప్పుడు లేదు. కింద బేసిన్ పొడిగా ఉంది. నా వంక తిరిగింది. నేను పేపరు చదువుతున్నాను.

“కొలిమికి పంపమన్నాను కదా.”

“చుక్క కారుతోందా?”

“లేదు.”

“మరి?”

ఆమె బేసిన్ తీసుకెళ్ళి కడిగి, పిండి కలిపే గిన్నెల పక్కన పెట్టుకుంది.

మా ఇల్లు కూడా ఒకనాటికి ఎవరో ఒకడు కొంటాడు, నాలాంటివాడే విప్పుతాడు. అప్పుడు తలకిందులు చేసి చూసుకోమనండి. ఆ రేకు రాలదు. నాలుగంచులూ నేనే మడిచి కొట్టాను.